నాలుగు వందల పదిహేడో నంబరు

2 నవంబర్ 1981, హైదరాబాద్

మదన్‌మోహన్ రిటైరయ్యేది వచ్చే జూన్ ముప్పయ్యో తారీఖున.

పక్కన 'సార్' లేకుండా రాయడానికి ఒక కాగితం పాడుచేశాను. ఈ ఒక్కసారికి కుదిరింది. ఇకమీద మదన్‌మోహన్ సార్ అనే వస్తుంది, నాకు తెలుసు. చేతికి పట్టిన అలవాటు. ఆ చేతి మీదే కదా ఆయన పన్నెండు దెబ్బలు కొట్టింది.

ఈరోజు లైబ్రరీ సర్టిఫికెట్ కోర్సులో చేరాను. అయిదు నెలలు. చిక్కడపల్లిలో పెద్దమ్మ ఇంట్లో ఉంటాను. క్లాసులో ముప్పై ఇద్దరం, ఆడవాళ్లం ఆరుగురం. ఈ పని ఎందుకు ఎంచుకున్నారని అమర్నాథ్ గారు ఒక్కొక్కరినీ లేపి అడిగారు. అందరూ పుస్తకాలంటే ప్రాణమన్నారు. నేనూ అదే అన్నాను.

అసలు సంగతి మా బసమ్మ తెచ్చింది. జహీరాబాద్‌లో నేను చదివిన జ్ఞానప్రభ హైస్కూల్లో ఆమె ఆయా. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు, ట్రైనింగ్ అయిన లైబ్రేరియన్ లేకపోతే గుర్తింపు ఉండదని రాసి వెళ్లారట. ఇన్నేళ్లూ తెలుగు సారే లైబ్రరీ చూసుకున్నాడు, అంటే మదన్‌మోహన్ సార్. ఆయన రిటైరయ్యే ముందు కొత్తగా వచ్చే లైబ్రేరియన్‌కు పుస్తకాలన్నీ అప్పజెప్పాలి. ఏ పుస్తకమూ తక్కువ లేదని ఆ లైబ్రేరియన్ సంతకం చేసి కాగితం ఇవ్వాలి. అది లేకపోతే పెన్షన్ ఫైలు కదలదు.

ఆ మాట విన్నరోజే కోర్సుకు అర్జీ పెట్టాను.

9 నవంబర్

పుస్తకాల వివరాలుండే కార్డుల మీద రాసే రాత నేర్పిస్తున్నారు. అక్షరం నిటారుగా ఉండాలి, ఒకదానికొకటి తగలకూడదు. పదిమంది రాసినా ఒక్కరే రాసినట్టుండాలి. రాసినవాళ్ల కోపం, తొందర కార్డు మీద కనిపించకూడదట. నావి ఏడు కార్డులు తిప్పి ఇచ్చారు. నొక్కి రాస్తున్నానట, వెనకవైపు అచ్చు తేలుతోందట.

23 నవంబర్

ఈరోజు పాఠం ఛార్జి తీసుకోవడం. స్కూలు ముద్ర ప్రతి పుస్తకం మీదా మూడు చోట్ల ఉండాలి. మొదటి పేజీ, చివరి పేజీ, మధ్యలో బయటివాళ్లకు చెప్పని ఒక పేజీ. ఛార్జి తీసుకునేటప్పుడు రిజిస్టరులో నంబరు చూసి, పుస్తకం తెరిచి, మూడు ముద్రలూ చూసి టిక్కు పెట్టాలి. "తెరవకుండా సంతకం పెట్టినవాళ్లకు దక్కేది అట్టలే" అన్నారు అమర్నాథ్ గారు. నోట్సులో దాని కింద రెండు గీతలు గీశాను.

అప్పజెప్పే మనిషి దగ్గర ఒక్క పుస్తకం తక్కువైతే ఏం చేయాలని అడిగాను. జాబితాలో ఎర్ర సిరాతో రాయాలి, తేలేదాకా కాగితం ఇవ్వకూడదు. ఎవరైనా సరేనా అని అడిగాను. ఎవరైనా సరే అన్నారు. ఆ తర్వాత పాఠం నాకు వినబడలేదు.

6 డిసెంబర్

కక్ష కాదు. రూలు.

17 జనవరి 1982

పెద్దమ్మ అడిగింది, ఎందుకే ఇంత పట్టుబట్టి చదువుతున్నావని. చెప్పలేదు. ఇక్కడ రాస్తాను.

1971 ఆగస్టు 14, శనివారం. తొమ్మిదో తరగతి. అంతకు వారం ముందు సముద్ర ప్రయాణాల పుస్తకం ఒకటి ఇంటికి తీసుకెళ్లాను, నంబరు 417. నీలం అట్ట, లోపల ఓడల బొమ్మలు. సముద్రం ఎట్లా ఉంటుందో చూడనిదాన్ని, ఆ బొమ్మలు ఎన్నిసార్లు చూశానో. ఒక పేజీ మూల మడిచాను, అది నిజమే. తెరచాపలన్నీ విప్పిన ఓడ ఉన్న పేజీ. చింపలేదు. పుస్తకం తిరిగి ఇచ్చాక మదన్‌మోహన్ సార్ పేజీలు తిప్పి, ఇరవై ఆరు పేజీలు లేవన్నాడు. నేను తెచ్చుకున్నప్పుడే లేవని చెప్పాను. ప్రార్థన దగ్గర స్కూలంతా నిలబడి ఉండగా ఆ పుస్తకం రెండు చేతులా ఎత్తి పట్టుకోమన్నాడు. "గీమె పుస్తకాల దొంగ. అందరు మంచిగ చూడుండ్రి" అన్నాడు. తర్వాత దెబ్బలు.

మా నాయన సిద్దప్పకు మార్కెట్లో బెల్లం దుకాణం. ఆ సాయంత్రానికే దుకాణం దాకా పాకింది కథ. మరునాటి నుంచి నా బడి బంద్. నేను చింపలేదని ఏడ్చి చెప్తే, "సార్లు అబద్ధం ఆడుతరా?" అన్నాడు నాయన. ఆ ఒక్క మాటే. తర్వాత మెట్రిక్, ఇంటర్ అన్నీ ప్రైవేటుగా కట్టి, ఇంట్లో కూర్చుని చదివాను.

ఆ పుస్తకం వెనక ఒక చీటీ అతికించి ఉంటుంది, ఎవరెవరు ఎప్పుడు తీసుకెళ్లారో దాని మీద పేర్లు ఉంటాయి. నా పేరుకు పైన ఎవరి పేరుందో, ఆ మనిషే చింపాడు. ఆ పేరు మదన్‌మోహన్ సార్‌కు తెలుసు. తెలిసీ వాళ్లను వదిలి నన్ను పట్టుకున్నాడు. ఆ చీటీ చూడాలి నేను. ఆయన ముందు పెట్టి చదివించాలి.

3 ఫిబ్రవరి

కార్డులు ఒక్కటీ తిప్పి ఇవ్వలేదు. నా రాత చూపించి, ఇట్లా ఉండాలన్నారు అమర్నాథ్ గారు.

30 ఏప్రిల్, జహీరాబాద్

ఫస్ట్ క్లాసు. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. నాయన సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా పెట్టుకోమన్నాడు.

18 మే

కమిటీ ప్రెసిడెంటు సదాశివ గారి ఇంట్లో ఇంటర్వ్యూ జరిగింది. కూర్చున్న నలుగురిలో మదన్‌మోహన్ సార్ ఒకడు. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. నన్ను గుర్తుపట్టలేదు. ఊరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, సిద్దప్ప బెల్లం దుకాణమా అన్నాడు. అయినా గుర్తు రాలేదు. నా చదువు తుడిచేసి ఈయన మర్చిపోయాడు కూడా. నేను మాత్రం పదేళ్లుగా రోజూ ఈయన మొహం చూస్తూనే ఉన్నాను.

ట్రైనింగ్ అయినదాన్ని నేనొక్కదాన్నే. ఉద్యోగం నాదే. సంవత్సరం ప్రొబేషన్. ఆ ఏడాదిలో ఏ తప్పు దొరికినా తీసేయవచ్చునని ఆర్డరులో రాశారు.

14 జూన్, సోమవారం

అన్నీ వరుసగా రాయాలి.

పదిగంటలకు మొదలుపెట్టాం. లైబ్రరీ అంటే వెనక గది, ఆరు అద్దాల బీరువాలు, 1312 పుస్తకాలు. బీరువాలకు తాళాలు, తాళంచెవులు ఆయన జంధ్యానికి. పదేళ్లుగా ఒక్క పిల్లకూ పుస్తకం ఇవ్వలేదట. ఇస్తే పోతాయి, పోతే నెత్తి మీదికి వస్తుంది. పుస్తకాలు నంబరు వరుసన నిలబడి ఉన్నాయి, వెన్ను మీద చీటీలు, చీటీల మీద నంబర్లు. మిలటరీ పరేడ్ అనుకోవచ్చు.

బసమ్మ పుస్తకం తీసి ఇస్తుంటే నేను తెరిచి, మూడు ముద్రలూ చూసి టిక్కు పెట్టాను. మదన్‌మోహన్ సార్ కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. మాటిమాటికీ నీళ్లు తెమ్మన్నాడు. నన్ను "మేడమ్" అన్నాడు. "గింత వివరంగ చూస్తె వారం పడ్తది మేడమ్" అన్నాడు. భయపడుతున్నాడని తెలిసి ఇంకా నెమ్మదిగా చూశాను. మొదటి రెండు బీరువాలు, నాలుగు వందల పదహారు పుస్తకాలు. ఒక్కటీ తక్కువ లేదు. ఈ మనిషి పుస్తకాలు ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి అన్నీ ఉంటాయి. అన్నీ ఉంటే నేను సంతకం పెట్టాలి, ఆయన దండలు వేయించుకుని హాయిగా ఇంటికి పోతాడు.

మధ్యాహ్నం అన్నానికి బసమ్మ ఇంటికి, ఆయన చాయ్ హోటలుకు పోయారు. బీరువాలు తెరవడానికి పొద్దున తీసుకున్న తాళంచెవులు నా చేతిలోనే ఉన్నాయి. మూడో బీరువా తెరిచాను. నీలం అట్ట పైవరుసలోనే ఉంది.

417 నా సంచిలో పెట్టుకున్నాను. రాసేశాను. ఇంకెవరికీ చెప్పేది లేదు, ఇక్కడైనా నిజం ఉండాలి. ఎంత తేలికగా ఉందో! ఇన్నేళ్ల బరువు దిగింది కదా, అందుకే అనుకున్నాను.

భోజనాలయ్యాక బసమ్మ ఆ నంబరు దగ్గర ఆగి, లేదమ్మా అంది. నేను ఎర్ర సిరా తీశాను. మదన్‌మోహన్ సార్ ఆ ఖాళీ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. వాదిస్తాడని, వెతకమంటాడని అనుకున్నాను. "రాయుండ్రి మేడమ్" అన్నాడు. అంతే. చెమట కూడా ఆగిపోయింది. ఓడిపోయిన మనిషి అట్లాగే ఉంటాడేమో.

ఆ తర్వాత నాకు కాళ్లు నేల మీద లేవు. మిగతావి నిలబడ్డచోటే వెన్ను మీద నంబర్లు బసమ్మ చదువుతుంటే టిక్కులు పెట్టుకుంటూ పోయాను. నాలుగింటికల్లా అయిపోయింది. "1311 పుస్తకాలు మంచి స్థితిలో అందినవి. 1 లేదు." సంతకం చేశాను. ఆయనా చేశాడు.

17 జూన్

కాగితం కోసం వచ్చాడు. 417 తేలాలి కదా సార్ అన్నాను. వెళ్లిపోయాడు.

19 జూన్

మళ్లీ వచ్చాడు. ఇంకో పుస్తకం కొనిస్తానన్నాడు. అదే పుస్తకం కావాలి, రూలు అన్నాను. ఆ మాట నోట్లో ఎంత రుచిగా ఉందో.

22 జూన్

ఆయన భార్య అనంతమ్మ గారు ఇంటికి వచ్చి అమ్మ దగ్గర కూర్చున్నారు. ఆయనకు అన్నం సయిస్తలేదట, ఫైలు ఆగితే బిడ్డ పురుడు ఎట్లా అని బెంగట. ఆమె వెళ్లాక అమ్మ నా మీద పడింది. "పెద్ద మనిషి. ఎప్పటిదో ముచ్చట. సంతకం పెట్టి పడెయ్యరాదె" అంది. ఎప్పటిదో అయితే నాకు ఇంకా ఎందుకు మండుతోందని అడిగాను. అమ్మ కంచాలు కడగడానికి లేచింది.

అనంతమ్మ గారి మొహం గుర్తొస్తోంది. రాకూడదు.

24 జూన్, గురువారం

417 పెట్టె అడుగున అట్లాగే ఉంచాను. ఆయన కాగితం లేకుండా రిటైరయిన రోజున తీరిగ్గా తెరుద్దామనుకున్నాను. ఈరోజు ఆగలేకపోయాను. ఆ చీటీ మీద పేరు చూడాలి. అనంతమ్మ గారి మొహం పోవాలంటే ఆ పేరు కావాలి నాకు.

తెరిచాను.

లోపల ఏమీ లేదు. అట్ట ఉంది, వెన్ను ఉంది, పేజీల అంచులు వేలెడు వెడల్పున ఉన్నాయి. నడుమంతా ఎర్రమట్టి. ఓడలు లేవు. నేను మూల మడిచిన పేజీ లేదు. వెనక అతికించిన చీటీ సగానికి పైగా పోయింది, మిగిలిన ముక్క మీద పేర్లు లేవు. చెదలు తినేశాయి. ఒళ్లో మట్టి రాలింది.

కాసేపటికి రెండో సంగతి తట్టింది. ఆ బీరువాలో మిగతావి?

25 జూన్

214. మూడో బీరువాలో, నాలుగో బీరువాలో. పడమటి గోడ వానకు నానుతుంది, చెదలు వెనకనుంచి వచ్చాయి. ముందునుంచి చూస్తే పరేడే. తీస్తే డొల్ల. "మంచి స్థితిలో అందినవి" అని రాసి, కింద నా సంతకం. నొక్కకుండా, నిటారుగా, అమర్నాథ్ గారు మెచ్చుకున్న రాతలో.

నోట్సు తీసి చూశాను. రెండు గీతలు అట్లాగే ఉన్నాయి.

26 జూన్

ఇన్‌స్పెక్షన్ జూలైలో. అప్పటికి ఇవి నా చెదలు అవుతాయి. నా ప్రొబేషన్ పోతుంది.

దారి ఒక్కటే. పుస్తకాలు ముందే తినేసి ఉన్నాయని మదన్‌మోహన్ సార్ సంతకం చేసి ఇవ్వాలి. చేస్తే ఆయన మీద ఎంక్వయిరీ. అయినా చేయించాలి. 417 పట్టుకుని బేరం పెట్టవచ్చు. దొరికిందంటాను, దానికి బదులు సంతకం అడుగుతాను. కాదనడు, దిక్కులేనివాడు.

28 జూన్, సోమవారం

దిక్కులేనివాణ్ని చూసి వచ్చాను.

సాయంత్రం బడి వదిలాక లైబ్రరీకి పిలిపించాను. డొల్ల పుస్తకాలు నాలుగు బల్ల మీద పరిచాను. ఇవి మీ కాలంనాటివే, అట్లా రాసి సంతకం చేయండి అన్నాను. ఆయన వాటివైపు చూడను కూడా చూడలేదు.

"417 దొర్కిందా మేడమ్?" అన్నాడు.

వెతుకుతున్నానన్నాను.

"నీ సంచిలనే చూడు బిడ్డా." మేడమ్ అప్పుడే పోయింది. "అద్దాల డబ్బి మర్సిపోయి ఆనాడు నడిమిట్ల వచ్చిన. కిటికీలకెల్లి చూసిన, నువ్వు పెట్టుకుంటుంటె."

మరి అప్పుడే ఎందుకు పట్టుకోలేదని అడిగాను.

"పట్టుకుంటె నువ్వు మల్ల ఒక్కొక్కటి తెర్సి చూద్దువు. పొద్దుగాల నుంచి నా పానం పానంల లేదు. మూడో బీరువా ఎప్పుడు తెరుస్తవో, ఎప్పుడు బయటపడ్తదో అని. అది నీ సంచిల పడ్డంక నాకు తెల్సిపోయింది, ఇగ నువ్వు ఒక్కటి గూడ తెరువవని." కోపం లేకుండా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు నా కాయితం మీద సంతకం పెట్టు, నేను నోరు మూస్కుంట. నీ నౌకరి నీకుంటది, నా పింఛను నాకుంటది. అల్మారాలకు తాళమెయ్యి. ఎవ్వలకు ఇయ్యకు. పదేండ్లు నేను గట్లనే ఎల్లదీసిన."

అప్పుడడిగాను. 1971, ప్రార్థన దగ్గర నిలబెట్టిన పిల్ల, యాదికున్నదా అని.

అద్దాలు సవరించుకుని నన్ను చూశాడు. "నువ్వా అది" అన్నాడు.

ఆ పేజీలు చింపింది ఎవరో మీకు తెలుసు కదా అన్నాను. పేరు చెప్పమన్నాను. చీటీ పోయింది, ఈయన నోరన్నా ఉంది అనుకున్నాను.

"ఏమో. నాకేమెరుక. అప్పటి హెడ్మాస్టరు ఒక పేరు కావాలన్నడు. చీటి మీద ఆఖరు పేరు నీది. పైపేర్లు నేను చదువనే లేదు."

చదవను కూడా చదవలేదు. ఎవరినో కాపాడాడని, నా మీద పగతోనో, ఎవరికో భయపడో చేశాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ మాత్రం శ్రద్ధ కూడా పెట్టలేదు నా మీద.

లేచేముందు అన్నాడు, "ఆనాడు నిన్ను ఊకెనె అన్న బిడ్డా. ఇప్పుడైతె నిజంగనే దొంగవైతివి గద. ఎవ్వలకు చెప్తవ్?"

29 జూన్

పొద్దున్నుంచీ నిమిషం నిమిషం అదే వినబడుతోంది. ఎవ్వలకు చెప్తవ్.

ఆయన దగ్గరున్న అస్త్రం ఒక్కటే, నేను దొంగనన్న మాట. పదేళ్ల కిందట నా చేతికి అంటగట్టిన మాటే. దానికి నేను భయపడినంత కాలం ఆయన గెలుస్తాడు. ఆ మాట నేనే రాసేస్తే ఆయన చేతిలో ఏముంటుంది?

నా ఉద్యోగం పోతుంది. పోనీ. ఆయనను తీసుకునే పోతుంది.

కక్షే. ఇక రూలు గీలు అని రాసుకోను.

30 జూన్, బుధవారం

మూడు గంటలకు వీడ్కోలు సభ. దండలు, శాలువా, ప్రెసిడెంటు సదాశివ గారు, మొదటి వరుసలో అనంతమ్మ గారు. హెడ్మాస్టరు మల్లికార్జున్ గారు, ఆ కాగితం అయిందా అమ్మా అని సైగ చేశారు. మదన్‌మోహన్ సార్ నా వైపు చూసి కొంచెం నవ్వాడు కూడా. వెళ్లి హెడ్మాస్టరు గారి చేతిలో కాగితం పెట్టాను. అందులో ఉన్నది ఇది:

"జూన్ 14న ఛార్జి తీసుకునే సమయంలో 417 నంబరు పుస్తకాన్ని నేనే దొంగతనంగా తీసుకున్నాను. మదన్‌మోహన్ గారికి ఇవ్వాల్సిన కాగితం ఆపడానికి తీశాను. ఆయన చూసి, ఊరుకున్నారు. అదే తొందరలో 900 దాకా పుస్తకాలు తెరవకుండానే అందినట్టు రాశాను. అందులో 214 పుస్తకాలు ముందే చెదలు తినేసినవి. ఆ సంగతి ఆయనకు తెలుసు. పుస్తకాలు బల్ల మీద పెట్టాను, ఎవరైనా తెరిచి చూడవచ్చు. 417 కూడా అక్కడే ఉంది. — భాగీరథి, లైబ్రేరియన్."

రాత కార్డుల రాతే. కోపం ఎక్కడా కనిపించదు. వెనక తిప్పి చూశాను, అచ్చు కూడా తేలలేదు.

హెడ్మాస్టరు గారు చదివి సదాశివ గారికిచ్చారు. ఆయన రెండుసార్లు చదివారు. ఇద్దరూ లేచి లైబ్రరీ వైపు నడిచారు. దండ మెడలోనే ఉండగా మదన్‌మోహన్ సార్ కూర్చుండిపోయాడు. చప్పట్లు కొట్టాలో వద్దో పిల్లలకు అర్థం కాలేదు. అనంతమ్మ గారు పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ ఒక్కటి తప్ప, నా జీవితంలో అంత మంచి మధ్యాహ్నం లేదు.

1 జూలై

నన్ను సస్పెండ్ చేశారు. ఆయన ఫైలు ఎంక్వయిరీకి పోయింది. ఊరంతా తెలిసింది.

4 జూలై, ఆదివారం

అమ్మ మూడు రోజులుగా మాట్లాడటం లేదు. నాయన దుకాణం తీస్తున్నాడు, మూస్తున్నాడు. వచ్చినవాళ్లు బెల్లం కొని, నీ బిడ్డ దొంగతనం చేసిందట కదా అని పరామర్శించి పోతున్నారని బసమ్మ చెప్పింది.

ఈ మధ్యాహ్నం నాయన ఇంటికి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ కాగితం నువ్వే రాసినవా, ఎవరైనా రాయించిన్రా అని అడిగాడు. నేనే రాశానన్నాను. ఎవరూ అడగకముందే రాసినవా అన్నాడు. అవునన్నాను. వేళ్లకంటిన బెల్లం గోటితో గీరుకున్నాడు.

"నౌకరి పోతదని తెల్సి గూడ, చేసింది చేసిన అనే అన్నవు" అన్నాడు. "మరి ఆనాడు ఏడ్సుకుంట చింపలేదన్నవు. అంటె... చింపలే నువ్వు."

ఇన్నేళ్లూ ఏ మనిషి నోటినుంచి వినాలని చదివానో, రైలెక్కానో, దొంగతనం చేశానో, ఆ మాట ఆ మనిషి నోట్లోంచి రాలేదు. ఇంట్లో, నేను రోజూ అన్నం వడ్డించే మనిషి నోట్లోంచి వచ్చింది.

తలెత్తకుండా, "ఆనాడే అడగవలసింది" అన్నాడు.

అవును, అడగవలసింది. మదన్‌మోహన్ సార్ ఒక పొద్దున పన్నెండు దెబ్బలు కొట్టాడు. బడి మాన్పించింది ఎవరు? నా చీటీ మీద రెండో పేరు ఇన్నేళ్లూ చదవనే లేదు నేను.

అన్నం పెట్టమన్నాడు. నీళ్లు ముంచి ఇచ్చాను, కంచం పెట్టాను. ఎదురుగా కూర్చుని, ఆయన తినడం పూర్తయ్యేదాకా చూశాను.